పీజీ చదువులకు ఉపకార వేతనాలు: మన హక్కు, మన సంసిద్ధత

(చందర్లపాడులో డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిరప కోతలు సాగుతున్న రోజుల్లో ఒక పూట కూలి వదులుకొని మీరిక్కడికి వచ్చారు. ఆ పూట విలువ మాకు తెలుసు. కనుక ఇంటికి వెళ్లాక పనికివచ్చే మాటలే చెప్పడానికి ప్రయత్నిస్తాము.

మేము చెప్పదలచినది ముఖ్యంగా ఒక్క విషయం. డిగ్రీ తర్వాతి చదువుకు కావలసిన ధనం ఈ దేశంలో ఉన్నది. అందులో మన పిల్లల వాటా కూడా ఉన్నది. అయితే సీటు వచ్చి, ఫీజు గడువు నెత్తిమీదికి వచ్చిన తర్వాత వెదికేవారికి అది దొరకదు. డిగ్రీ రెండవ సంవత్సరంలోనే వెదకడం మొదలుపెట్టినవారికి దొరుకుతుంది. ఈ రెండేళ్ల తేడా వల్ల మన పిల్లలు ఎందరో చదువు ఆపి హైదరాబాదు బస్సు ఎక్కుతున్నారు.

మనం ఎక్కడ ఉన్నాము

2005లో కేంద్ర ప్రభుత్వం నియమించిన జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక సమర్పించింది. దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒకరు, పీజీ స్థాయిలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లిం విద్యార్థులని ఆ నివేదిక తెలిపింది. అంటే డిగ్రీ నుండి పీజీకి పోయే ఆ ఒక్క మెట్టు దగ్గరే మన వాటా సగానికి పడిపోతున్నది.

దీనికి కారణం మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో మన కుటుంబాలు చాలావరకు కౌలు సేద్యం మీద, మిరప, పత్తి కూలి మీద, కుట్టుమిషను మీద, మెకానిక్ షెడ్డు మీద, మాంసం దుకాణం మీద బ్రతుకుతున్నాయి. డిగ్రీ పూర్తయ్యేనాటికి కుర్రవాడికి 21 ఏళ్లు వస్తాయి. తండ్రికి నడుము నొప్పి మొదలవుతుంది. చెల్లెలి పెళ్లి దగ్గర పడుతుంది. అప్పుడు పీజీ అంటే ఫీజు ఒక్కటే భారం కాదు. ఆ కుర్రవాడు రెండేళ్లు సంపాదించకపోవడం అంతకన్న పెద్ద భారం. కనుక ఫీజు మాఫీ మాత్రమే సరిపోదు, నెలనెలా చేతికి వచ్చే ఉపకార వేతనం కావాలి. ఏ పథకాన్ని పరిశీలించినా ఈ రెండు ప్రశ్నలూ వేసుకోవలసిందిగా కోరుతున్నాము: ఫీజు ఎవరు కడతారు? నెల ఖర్చు ఎవరు ఇస్తారు?

మూతపడిన పథకాలు

ముందుగా చేదు నిజం చెప్పుకోవాలి. సచార్ నివేదిక తర్వాత, 2009లో, మైనారిటీ వర్గాల పరిశోధక విద్యార్థుల కోసం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ప్రారంభమైంది. ముస్లింలతో పాటు క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్శీ విద్యార్థులకు అది వర్తించేది. 2022 డిసెంబరులో కేంద్ర మంత్రి లోక్‌సభలో ఆ ఫెలోషిప్‌ను 2022-23 నుండి నిలిపివేస్తున్నట్లు ప్రకటించారు. ఇతర ఫెలోషిప్‌లు ఉన్నందున ఇది పునరావృతమవుతున్నదని కారణం చెప్పారు. ఒక విద్యార్థి ఒకే సమయంలో రెండు ఫెలోషిప్‌లు తీసుకోలేడు. కేంద్ర ఓబీసీ జాబితాలో లేని ముస్లిం విద్యార్థికి ఓబీసీ ఫెలోషిప్ వర్తించదు. కనుక ఆ కారణం నిలబడదని అప్పుడూ చెప్పాము, ఇప్పుడూ చెబుతున్నాము.

విదేశీ విద్యారుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చే పఢో పర్‌దేశ్ పథకం కూడా 2022-23తోనే ఆగిపోయింది. 1989లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయవలసిందిగా 2024 ఫిబ్రవరిలో ఉత్తర్వు వెలువడింది.

రాష్ట్రంలో 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో, ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారిని విద్యా దీవెన, వసతి దీవెన పథకాల పరిధి నుండి తప్పించింది. విశ్వవిద్యాలయ, ప్రభుత్వ కళాశాలల విద్యార్థులకు మాత్రమే ఆ సహాయం మిగిలింది. ఇది అన్ని వర్గాల పేద పిల్లలనూ దెబ్బతీసిన నిర్ణయం. ప్రభుత్వాలు మారినపుడు ఇలాంటి ఉత్తర్వులూ మారుతుంటాయి. కనుక చేరే సంవత్సరంలో ఏ ఉత్తర్వు అమలులో ఉన్నదో విజయవాడలోని జిల్లా మైనారిటీ సంక్షేమాధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకున్న తర్వాతే ప్రైవేటు కళాశాలలో ఫీజు కట్టండి. సీటు నింపుకోవలసిన కళాశాల చెప్పే మాట ప్రభుత్వ ఉత్తర్వు కాదు.

మన పేరుతో ఉన్న పథకాలను పునరుద్ధరించాలని మేము అడుగుతూనే ఉంటాము. అది దయాదానం కోసం చేసే అభ్యర్థన కాదు. వెనుకబాటును ప్రభుత్వ కమిటీయే లెక్కతో నిరూపించిన తర్వాత పౌరులు చేసే డిమాండ్. కాని ఆ డిమాండ్ నెరవేరే వరకు ఈ ఏడాది డిగ్రీ పూర్తిచేసిన పిల్ల ఇంట్లో కూర్చోలేదు. ఏ మతం పేరూ లేకుండా అందరికీ తెరిచి ఉన్న ఉపకార వేతనాలు కొన్ని ఉన్నాయి. వాటికి దరఖాస్తు చేయడం మన హక్కును వదులుకోవడం కాదు. ఆ నిధి కూడా మనం కట్టిన పన్నుల్లోనుండే వచ్చింది.

ముందు సంస్థ, తర్వాత ఉపకార వేతనం

ఏ సంస్థలో చేరాలన్నదే అసలు నిర్ణయం. మంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే సగం ఉపకార వేతనం వచ్చినట్లే. అక్కడ ఫీజు తక్కువ, హాస్టలు ఉంటుంది, గ్రంథాలయం ఉంటుంది.

మన రాష్ట్రంలో ఏపీ పీజీసెట్ ద్వారా నాగార్జున విశ్వవిద్యాలయంలో గాని, మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయంలో గాని ఎం.ఏ., ఎం.ఎస్సీ., ఎం.కాం. సీట్లు పొందవచ్చు. ఎం.బి.ఏ., ఎం.సి.ఏ.లకు ఐసెట్ ఉన్నది. 2022 నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష జరుగుతున్నది. ఈ ఒక్క పరీక్షతో హైదరాబాదు, అనంతపురం, ఢిల్లీ వంటి చోట్ల ఉన్న సంస్థలకు దారి తెరుచుకుంటుంది. సైన్సు విద్యార్థులు ఐఐటీల్లో ఎం.ఎస్సీ. కోసం జామ్ పరీక్ష వ్రాయవచ్చు. ఉర్దూ చదువుకున్న పిల్లలకు 1998లో హైదరాబాదులో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి.

ఈ పరీక్షల్లో చాలావాటికి దరఖాస్తులు డిగ్రీ చివరి సంవత్సరంలోనే ముగుస్తాయి. జామ్ పరీక్ష ఫిబ్రవరిలో జరిగితే దాని నమోదు అంతకు ముందరి శరదృతువులోనే అయిపోతుంది. డిగ్రీ ఫలితాలు వచ్చాక చూద్దాం అన్న కుటుంబం ఒక ఏడాది కోల్పోతుంది. మన ఇళ్లలో ఆ ఏడాది కోల్పోయిన ఆడపిల్ల మళ్లీ కళాశాల గుమ్మం ఎక్కడం అరుదు.

నెలనెలా వచ్చే మూడు వేతనాలు

మొదటిది, యూజీసీ ఇచ్చే జాతీయ పీజీ స్కాలర్‌షిప్. రెగ్యులర్ పీజీ మొదటి సంవత్సరంలో చేరినవారు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. డిగ్రీ మార్కుల ఆధారంగా దేశవ్యాప్తంగా 10,000 మందిని ఎంపిక చేస్తారు. అందులో 30 శాతం స్త్రీలకు. నెలకు 15,000 రూపాయల చొప్పున ఏడాదికి 10 నెలలు ఇస్తారు. రెండేళ్లకు మూడు లక్షల రూపాయలు. దీనిలో పోటీ మార్కులతోనే గనుక డిగ్రీ మొదటి సెమిస్టరు నుండే దీనికి సన్నాహం మొదలవుతుంది.

రెండవది, గేట్. బీటెక్ చదివిన పిల్లలు గేట్ అర్హతతో గుర్తింపు పొందిన సంస్థలో ఎంటెక్ చేరితే నెలకు 12,400 రూపాయలు వస్తాయి. బీఫార్మసీ చదివినవారికి జీప్యాట్ ద్వారా ఎం.ఫార్మసీలో అదే మొత్తం. 24 నెలలకు 2,97,600 రూపాయలు. మన ప్రాంతంలో బీటెక్, బీఫార్మసీ చదివిన పిల్లలు చాలామందే ఉన్నారు. ఈ మాట ఇంటింటికీ చేరాలి.

మూడవది, అన్నిటికన్న పెద్దది, జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. యూజీసీ నెట్ పరీక్షలో, లేదా సైన్సు వారైతే సీఎస్ఐఆర్ నెట్‌లో, పై ర్యాంకు సాధించి పీహెచ్‌డీలో చేరినవారికి ఇది లభిస్తుంది. 2023 జనవరి నుండి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత మూడేళ్లు 42,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంటి అద్దె భత్యం వేరు. లెక్క వేసి చూడండి: మొదటి రెండేళ్లకు 8,88,000 రూపాయలు, తర్వాతి మూడేళ్లకు 15,12,000 రూపాయలు, మొత్తం 24 లక్షలు. తండ్రి ఆదాయం ఎంతని దీనికి ఎవరూ అడగరు. వయసు 30 దాటకూడదు; స్త్రీలకు అయిదేళ్ల సడలింపు ఉన్నది. యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. తప్పు జవాబుకు మార్కులు కోయరు. తెలుగు, ఉర్దూ, అరబ్బీ, ఇస్లామిక అధ్యయనాలు కూడా అందులో సబ్జెక్టులే. పీజీ చివరి సంవత్సరంలో ఉన్నవారు కూడా వ్రాయవచ్చు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆగిపోయిన తర్వాత మన పరిశోధక విద్యార్థులకు మిగిలిన ప్రధాన మార్గం ఇదే.

జేఆర్ఎఫ్ రాకపోయినా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ సీటు సాధించినవారికి నెలకు 8,000 రూపాయల నాన్-నెట్ ఫెలోషిప్ ఉన్నది. అది చాలని మొత్తమే. దానిని పెంచాలన్నది దేశంలోని పరిశోధక విద్యార్థులందరి కోరిక.

ఇవి గాక బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కుటుంబ ఆదాయాన్ని బట్టి పీజీ విద్యార్థులకు ఫీజులో, వసతి ఖర్చులో పెద్ద ఎత్తున రాయితీ ఇస్తున్నది. ప్రైవేటు సంస్థల సహాయాల్లో ముందుగా తెలుసుకోదగినది అది.

కాగితాల సంగతి

ధనం ఉన్నచోట కాగితం అడుగుతారు. మన పిల్లల దరఖాస్తులు ప్రతిభ లేక ఆగినవాటికన్న పేరులో అక్షరం తేడా వచ్చి ఆగినవే ఎక్కువగా మా దృష్టికి వస్తున్నాయి. పదవ తరగతి మార్కుల జాబితాలో షేక్ అన్న ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో అది రెండు ఆంగ్లాక్షరాలకు కుదించి ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో పేరు చివరకు పోతుంది. ఒకచోట బేగం, మరొకచోట బీ అని వ్రాస్తారు. ఇంట్లో అందరికీ ఆమె ఒక్కతే. కంప్యూటరుకు మాత్రం ముగ్గురు. పదవ తరగతి జాబితాను ఆధారంగా తీసుకొని మిగిలినవన్నీ దానికి అనుగుణంగా ఇప్పుడే సరిచేయించండి. గడువుకు ముందు వారంలో ఇది జరిగే పని కాదు.

రెండవది, కులధ్రువీకరణ. 2007 చట్టం ద్వారా మన రాష్ట్రంలో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేయగా, అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతున్నది. ఇది రాష్ట్ర సంస్థలకు సంబంధించినది. కేంద్రానికి వేరే ఓబీసీ జాబితా ఉన్నది. దూదేకుల, నూర్‌బాషా వర్గం రాష్ట్రంలో బీసీ-బిలోను, కేంద్ర జాబితాలోను ఉన్నది. బీసీ-ఇలో ఉన్నంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అవుతారని అనుకోవద్దు. కేంద్ర జాబితాలో లేనివారు, ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి ఇతర నిబంధనలు కుదిరితే, 2019 నాటి 103వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం తీసుకోవచ్చు. తప్పు గడిలో టిక్కు పెట్టిన దరఖాస్తు పరిశీలన దశలో తిరస్కరణకు గురవుతుంది. మీ వర్గం ఏ జాబితాలో ఉన్నదో తహశీల్దారు కార్యాలయంలో ముందే నిర్ధారించుకోండి. 2022 ఏప్రిల్ నుండి మనం ఎన్టీఆర్ జిల్లా వాసులమన్నది కూడా గుర్తుంచుకోండి. పాత పత్రాల్లో కృష్ణా జిల్లా అని ఉంటుంది.

మూడవది, బ్యాంకు ఖాతా. ప్రభుత్వ ధనం ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాకే వస్తుంది. రెండు మూడు ఖాతాలు ఉన్నవారికి ఏ బ్యాంకు అనుసంధానమై ఉన్నదో తెలియక, డబ్బు వచ్చినా రాలేదనుకుంటున్నారు. నాల్గవది, దరఖాస్తు సమర్పించగానే పని పూర్తికాదు. కళాశాలలోని నోడల్ అధికారి దానిని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. గడువులోగా ఆ పని జరిగిందా లేదా అని విద్యార్థియే వెళ్లి అడగాలి. అడగడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

విదేశాలకు వెళ్లదలచినవారికి

జగ్గయ్యపేట దాటి కోదాడ చేరితే, అక్కడి మైనారిటీ విద్యార్థికి విదేశాల్లో పీజీ చదివేందుకు తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే పథకం ఉన్నది. అది 2015లో మొదలైంది. ఇటువైపు మన రాష్ట్రంలో విదేశీ విద్య పథకాలు ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకున్నాయి, నిబంధనలు మార్చుకున్నాయి. 2022లో వచ్చిన పథకం ప్రపంచ ర్యాంకుల్లో పైనున్న విశ్వవిద్యాలయాలకే పరిమితమైంది. పల్లె విద్యార్థి రెండేళ్లు ముందుగా సిద్ధపడాలంటే పథకం కూడా రెండేళ్లు నిలకడగా ఉండాలి. చట్టబద్ధమైన, స్థిరమైన విదేశీ విద్యా పథకం కావాలన్నది మన మొదటి డిమాండ్ కావాలి.

ప్రభుత్వం మీద ఆధారపడనివి కూడా ఉన్నాయి. బ్రిటన్ ప్రభుత్వపు చీవెనింగ్‌కు రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి. అమెరికాకు సంబంధించిన ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్లు కావాలి. కనుక డిగ్రీ తర్వాత ఉద్యోగంలో చేరినవారికి చదువు ముగిసిపోయిందని అనుకోనక్కరలేదు. ఐరోపాలో ఎరాస్మస్ ముండస్ ఎంపికైనవారికి నెలకు 1,400 యూరోలు ఇస్తుంది. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అధికభాగం బోధనా రుసుము తీసుకోవు. కాని ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందుగా ఖాతాలో చూపాలి. అమెరికాలో ఎంఎస్‌కు సాధారణంగా సొంత ఖర్చే. పీహెచ్‌డీకి మాత్రం చాలా విశ్వవిద్యాలయాలు ఫీజు మాఫీ చేసి జీతం ఇస్తాయి. జిద్దాలోని ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు, సభ్యత్వం లేని దేశాల ముస్లిం సమాజాల విద్యార్థుల కోసం 1983 నుండి ఉపకార వేతన పథకం నడుపుతూ వచ్చింది. సౌదీలో 2009లో ప్రారంభమైన కింగ్ అబ్దుల్లా సైన్సు, సాంకేతిక విశ్వవిద్యాలయం, సీటు ఇచ్చిన ప్రతి విద్యార్థికీ ఫీజు, వసతి, నెలసరి వేతనం తానే భరిస్తుంది. సౌదీ అంటే మన బంధువర్గాల్లో డ్రైవరు వీసా, ఇంటిపని వీసా గుర్తుకు వస్తాయి. అక్కడికి విద్యార్థి వీసా మీద కూడా వెళ్లవచ్చునని మన పిల్లలకు చెబుదాము.

ఒక హెచ్చరిక. స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగే ఏజెంటును నమ్మవద్దు. ఓటీపీ అడిగే ఫోనుకు జవాబు ఇవ్వవద్దు.

వడ్డీ, బంగారం, బైతుల్‌మాల్

బ్యాంకు విద్యారుణం వడ్డీతో కూడినదని మన కుటుంబాలు చాలావరకు దూరంగా ఉంటాయి. ఆ విశ్వాసాన్ని మేము గౌరవిస్తాము. అదే కారణంగా, వడ్డీ లేని ఉపకార వేతనం మనకు ఇతరులకన్న ఎక్కువ అవసరం. అయితే బ్యాంకు వడ్డీని కాదన్న ఇల్లే పెళ్లి ఖర్చుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తున్నది. ఏడాదికి అది 36 శాతం. ఈ లెక్క మన ఇళ్లలో మనమే మాట్లాడుకోవాలి.

మద్రాసు సాంకేతిక విద్యాసంస్థలో సీటు వచ్చినపుడు అబ్దుల్ కలాం ఫీజు కోసం ఆయన అక్క జోహ్రా తన గాజులు, గొలుసు తాకట్టు పెట్టారు. ఆమె త్యాగాన్ని దేశమంతా మెచ్చుకుంటుంది. కాని 70 ఏళ్ల తర్వాత కూడా మన తమ్ముళ్ల చదువు అక్కల గాజుల మీదనే ఆధారపడవలసి వస్తే అది వ్యవస్థ వైఫల్యం. అక్కకు కూడా చదువు కావాలి. ఆమె గాజులు ఆమె చేతికే ఉండాలి.

మస్జిదు కమిటీకి, బైతుల్‌మాల్ నడిపే పెద్దలకు మా మనవి ఒకటి. రెండేళ్ల ఫీజు భరించే శక్తి చిన్న ఊరి నిధికి ఉండదు. కాని పరీక్ష ఫీజు, పుస్తకాలు, విజయవాడ పరీక్షా కేంద్రానికి చార్జీలు భరించే శక్తి ఉంటుంది. ఒక్క నెట్ దరఖాస్తుకే జనరల్ వర్గానికి వేయి రూపాయలకు పైగా అవుతున్నది. ఆ వేయి రూపాయలు 24 లక్షల ఫెలోషిప్‌కు దారి తీయవచ్చు. జకాత్ నుండి ఏది ఇవ్వవచ్చునో, ఏది ఇతర విరాళాల నుండి ఇవ్వాలో మీ ఉలమాను అడిగి నిర్ణయించండి.

ఇక్కడినుండి వెళ్లి చేయవలసినది

ఊరికొక నోటుపుస్తకం పెట్టండి. డిగ్రీ రెండవ, మూడవ సంవత్సరాల్లో ఉన్న ప్రతి పిల్లవాని పేరు, ప్రతి పిల్ల పేరు, కోర్సు, మార్కులు అందులో వ్రాయండి. ఎదుట వారి వర్గం, ఏ పత్రం ఉన్నది, ఏది లేదు అన్నది వ్రాయండి. ప్రవేశ పరీక్షల గడువులు మస్జిదు నోటీసు బోర్డు మీద అంటించండి. జుమా నాడు ఒక నిమిషం ప్రకటించండి. పీజీలో చేరినవారు ప్రతి ఒక్కరూ తర్వాతి ఏడాది ఇద్దరి దరఖాస్తులు దగ్గరుండి పూర్తిచేయించాలి. మంజూరై రాని స్కాలర్‌షిప్ కోసం మధ్యవర్తి చుట్టూ తిరగవద్దు. 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో వ్రాతపూర్వకమైన జవాబు ఇవ్వడం అధికారి బాధ్యత. ఆ జవాబులను మా పత్రికకు కూడా పంపండి. ఒక్కొక్క ఇంటి ఫిర్యాదుగా ఉన్నంతకాలం ఎవరూ వినరు. వంద కాగితాలు ఒకచోట చేరితే శాసనసభలో ప్రశ్న అవుతుంది.

ఆ నోటుపుస్తకంలో మొదటి పేర్లు ఈ సాయంత్రమే వ్రాద్దాము. బల్ల దగ్గర మా కార్యకర్తలు ఉన్నారు. పదవ తరగతి జాబితా, ఆధార్, బ్యాంకు పుస్తకం తెచ్చినవారు ముందుగా రండి. మూడింటిలో పేరు ఒక్కటిగా ఉన్నదో లేదో అక్కడే చూసి చెబుతారు. ఆడపిల్లల తల్లులు వెనుక కూర్చోకుండా ముందుకు రావలసిందిగా ప్రత్యేకంగా కోరుతున్నాము.